మూడో ప్రకటన

"ఇంకొంచెం ఎత్తండి. కింద చూడాల," అంది మార్త.

అబ్రహాం పరుపును ఇంకొంచెం ఎత్తాడు. అది కొడుకు జోనా పరుపు. దాని కింద సీసా ఉందేమోనని భార్య వంగి చూస్తోంది. ఆమెకు వెలుతురు చాలదని ఆయన రెండో చేత్తో టార్చి కూడా పట్టుకున్నాడు. అక్కడ సీసా ఉండదని ఈ భూమ్మీద ఖాయంగా తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు ఆ పరుపు మీద పడుకునేవాడు, రెండోవాడు దాన్ని ఎత్తి పట్టుకున్నవాడు.

పరుపు కింద ఒంటి సాక్సొకటి, సండే స్కూలు వాళ్ళు పదహారేళ్ళ కిందట ఇచ్చిన బైబిల్ క్విజ్ సర్టిఫికెట్టొకటి దొరికాయి. మార్త సాక్సును ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది.

"వాసన లేదు," అంది.

ఆమెకు కరోనా వచ్చి పోయినప్పటినుంచీ దేని వాసనా లేదు. ఆ సంగతి ఒప్పుకోదు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన ముక్కు తనదంటుంది. ఆ ముక్కు పోయిందని ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది అబ్రహామే, లాభపడిందీ ఆయనే.

"సాక్సులో పోసుకొని ఎవరన్నా తాగుతారామే?" అన్నాడు.

"తాగేవోళ్ళ సంగతి మీకేం తెలుస్తాదండీ. మీరు దేవుడి మనిషి."

అబ్రహాం టార్చి ఆర్పేశాడు.

పోయిన ఆదివారం చర్చిలో జరిగింది వాళ్ళుండే కాడుగోడిలో ఇంకా తెలియనిది రైల్వే స్టేషను కుక్కలకే. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, ప్రభువు శరీరమని రొట్టె, రక్తమని ద్రాక్షరసం సంఘమంతా పుచ్చుకునే రోజు. పదకొండేళ్ళుగా ఆ బల్లకు ద్రాక్షరసం కాచి పంపేది సంఘపెద్ద అబ్రహాం ఇంటినుంచే. ద్రాక్షలు ఉడికించి, వడకట్టి, చక్కెర కలిపి చల్లార్చిన రసం అది, పసిపిల్లలు కూడా తాగొచ్చు. ఆరోజు మాత్రం చిన్న కప్పుల్లోకి వచ్చింది రసం కాదు, వైను. బాలాత్రిపురసుందరమ్మగారు రెండో కప్పు అడిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. బాప్తిస్మం పుచ్చుకున్న రోజున పేరు మార్చుకోమంటే, దేవుడికి నా పేరు పలకడం రాదా అని అడిగిన మనిషి. పాస్టరుగారు నాలిక మీద తేడా తెలిసినా, ఎండలకు రసం పులిసిందేమోననుకుని మింగేశాడు. ఎప్పుడూ ఈడ్చి ఈడ్చి పాడే ఆఖరి కీర్తనను ఆరోజు సంఘం పరుగెత్తించి పాడింది.

సోమవారం పాస్టరు శామ్సన్‌గారు ఫోను చేశాడు. "నేను కాసింది జూసే అయ్యగారూ. బండి మీద తెచ్చింది మాత్రం జోనా," అన్నాడు అబ్రహాం. అన్నవి రెండు మాటలే. పక్కనే నిలబడి ఉన్న జోనా తండ్రి చేతిలోంచి ఫోను తీసుకుని, "నేనే మార్చినా అయ్యగారూ," అని పెట్టేశాడు.

జోనా అంటే సంఘం ఇట్టే నమ్మింది. రెండేళ్ళ కిందట ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో అందరూ నిలబడి పునరుత్థానం పాట అందుకుంటే, రెండు సమాధుల మధ్యనుంచి లేచి కూర్చుని "టైమెంత?" అని అడిగిన ఘనుడు కదా వాడు. ఇద్దరు ముసలమ్మలు అక్కడే కూలబడ్డారు. ఆ నెలలోనే వాణ్ణి ఆరు నెలలు బల్లకు దూరంగా వెనక బెంచీలో కూర్చోబెడుతూ సంఘం తీర్మానం చేసింది. దాన్ని నిలబడి చదివింది సంఘపెద్ద అబ్రహాం. "నా కొడుకైనా సరే" అని ఒక మాట సొంతంగా కలిపి మరీ చదివాడు. ఆ మాటకు అప్పుడు చాలామంది ఆమెన్ అన్నారు.

"ఐదు గంటలకు అయ్యగారు వస్తాడు. శాంతి కూడా వస్తాదంట," అంది మార్త, పరుపు మీద దుప్పటి సర్దుతూ. "రేపు మూడో ప్రకటన చదవాల్నా వద్దా అని ఇక్కడే తేల్చేస్తారంట."

పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అంటారు. జోనా పేరూ శాంతి పేరూ రెండుసార్లు చదివారు. మూడోది చదవకపోతే పెళ్ళి లేదు.

"పధ్నాలుగు నెలలు ముట్టలేదనుకుంటిని కదండీ," అంటూ మార్త మంచం అంచున కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం పాపం చేసినామో మనం. ఒక్క కొడుకు. నీ తండ్రిని చూసి నేర్చుకోరా అని ఎన్నిసార్లు చెప్పింటాను వానికి!"

చెప్పింది. అన్నం పెడుతూ చెప్పింది, ప్రార్థనలో చెప్పింది, చుట్టాల ముందు చెప్పింది. అబ్రహామే విన్నాడు అన్నిసార్లూ. ఇప్పుడు ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఆ చేతికి అర్హత లేదనిపించి, టార్చి తీసుకెళ్ళి గూట్లో పెట్టాడు.

జోనా మిద్దె మీద ఉన్నాడు. శనివారం కదా, మహదేవపురలో వాడి ఆఫీసుకు సెలవు. నీళ్ళ ట్యాంకు కడుగుతున్నాడు. అబ్రహాం మెట్లెక్కి వెళ్ళేసరికి కొడుకు కనపడలేదు. నల్లటి ట్యాంకులోంచి చీపురు చప్పుడు మాత్రం వస్తోంది.

"జోనా."

"ఊఁ," అంది ట్యాంకు.

"బయటికి రా."

"సగం కడిగినా. అక్కడ్నుంచే చెప్పు."

అబ్రహాం అటూ ఇటూ చూసి, ట్యాంకు మూత తీసిన బొక్క దగ్గరకు వంగాడు. "మీ అమ్మ నీ రూము వెతికింది."

"నువ్వు టార్చి పట్టింటావు."

ఆయన పక్కన పెట్టిన మూతను అనవసరంగా సర్దాడు.

"పట్టినావా లేదా?"

"పట్టినాను."

లోపల నవ్వు మొదలైంది. ట్యాంకులో పుట్టిన నవ్వు ట్యాంకంత అయి బయటికి వచ్చింది. పక్కింటి మిద్దె మీద బట్టలారేస్తున్న మునిలక్ష్మి తలెత్తి చూసింది.

"మెల్లగా!" అన్నాడు అబ్రహాం.

"ట్యాంకులోంచి మెల్లగా రాదు నాన్నా."

"ఎందుకు చెప్పినావురా నేనే అని? నిన్నెవరన్నా అడిగినారా?"

చీపురు ఆగింది. "నువ్వే కదా చెప్పినావు. కాసింది జూసు, తెచ్చింది జోనా. ఆన్సరు నువ్వే ఇచ్చేసినావు. నేను జస్ట్ సంతకం పెట్టినా."

"భయమయిందిరా."

"తెలుసు."

"నిజంగా సీసాలు మారిపోయినాయి. రెండూ ఒకే రకం సీసాలు. ఫ్రిజ్జులో ఒకటి ముందు, ఒకటి వెనక. తెల్లారుజామున కరెంటు లేదు..."

"అది కూడా తెలుసు."

"నీకు కప్పు ఇచ్చేటప్పుడు నాకు తెలీదు. దేవుని తోడు. ఇచ్చేవాడు ఆఖర్న కదా తాగేది. నాది నేను తాగినప్పుడే తెలిసింది."

చీపురు బకెట్లో పడిన చప్పుడు వచ్చింది. తరువాత జోనా మాట్లాడాడు, నిజంగానే మెల్లగా. "నాకు నోట్లో పడంగానే తెలిసిపోయింది నాన్నా. పధ్నాలుగు నెలల తర్వాత. ఉమ్మేద్దామంటే ప్రభువు రక్తం. నా ముందు నువ్వు ట్రే పట్టుకొని నిలబడి ఉండావు, 'ఇది నీ కొరకు' అంటా. మింగినా."

అబ్రహాం ట్యాంకు అంచు పట్టుకున్నాడు. ఎండకు కాలిపోతోంది అది. చెయ్యి తియ్యలేదు.

"నాకైతే ఏమవుతాది?" అన్నాడు జోనా. "వెనక బెంచీ. అది నాకు అలవాటే, ఫ్యాను కూడా అక్కడే బాగా తిరుగుతాది. నీకైతే అట్ల కాదు. అమ్మకి ఇంట్లో ఉండేది ఇద్దరు మొగోళ్ళు. ఒకడు తాగుబోతని ఎప్పుడో ఒప్పుకునింది. ఇద్దరూ అంటే తట్టుకోదు."

"దానికోసమా చెప్పినావు?"

"సగం దానికి. ఇంకో సగం, నువ్వు ఎన్ని రోజులు ఊరికే చూస్తా ఉంటావో చూద్దామని. మండే చెప్తావనుకున్నా. వెడ్‌నెస్‌డే చెప్తావనుకున్నా. నిన్న బాత్రూములో నీకు నువ్వే అనుకుంటా ఉండావు, చెప్పేస్తా చెప్పేస్తా అని. తలుపు సన్నం నాన్నా, అంతా వినపడతాది."

"ఈరోజు చెప్తాను."

"సరే."

"నిజంగా చెప్తానురా. నీ పెళ్ళి ఆగిపోతే నేను మనిషినేనా?"

"సరే అన్నా కదా. బకెట్టు అందుకో."

తండ్రి మురికినీళ్ళ బకెట్టు అందుకున్నాడు. ఆరు రోజులకు కొడుకు నోట దొరికిన మామూలు మాట అదే, దానికే ఆయన ప్రాణం లేచివచ్చింది.

ఐదింటికి పాస్టరుగారు వచ్చాడు. వెనక శాంతి. మహదేవపురలో ఒక స్కూల్లో సైన్సు టీచరు ఆ అమ్మాయి, ఒంగోలు పిల్ల. వందనాలు చెప్పి కుర్చీ అంచున కూర్చుంది. జోనా తడి జుట్టుతో వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. శాంతి వాడివైపు ఒకసారి చూసింది, వాడు నేల చూశాడు. మార్త కాఫీ, పళ్ళెంలో కారం నిప్పట్లు తెచ్చి పెట్టింది. ప్రార్థన అయ్యేదాకా ఎవరూ ముట్టలేదు. పాస్టరుగారి ప్రార్థన మామూలుగానే పొడుగు, ఆరోజు ఇంకా పొడుగు. కాఫీ మీద మీగడ కట్టింది.

ఆమెన్ అన్న మరుక్షణం అబ్రహాం లేచి నిలబడ్డాడు. కూర్చుంటే చెప్పలేనని ఆయనకు తెలుసు.

"అయ్యగారూ, జోనా చెప్పింది అబద్ధం. ఆ వైను నాది. నేనే కాసింది. నేనే తాగేది. ఆదివారం పొద్దున సీసా తప్పుగా ఇచ్చింది కూడా నేనే."

 పాస్టరుగారు కళ్ళు మూసుకున్నాడు. రెండు బుగ్గల మీదా నీళ్ళు కారాయి.

"చూసినావా మార్తమ్మా," అన్నాడు గద్గదంగా. "బైబిల్లో ఆ అబ్రహాము కొడుకును బలి ఇచ్చేదానికి కొండెక్కినాడు. మన అబ్రహాము కొడుకు కోసం తన్నే బలి ఇచ్చుకుంటా ఉండాడు. రేపు నా ప్రసంగం ఇదే."

"ప్రసంగం కాదు అయ్యగారూ, నిజం..."

"తండ్రి మనసు!" అంటూ మార్త వలవలా ఏడ్చేసింది. "ఏమండీ, వాని కోసం మీరు నరకానికి పోతారా?"

నిజం ఒప్పుకోవాలంటే, ఒక్క క్షణం అబ్రహాముకు హాయిగా ఉంది. చెప్పాల్సింది చెప్పేశాడు, వాళ్ళు నమ్మలేదు, తనేం చేస్తాడు? పైగా పేరు పోలేదు సరికదా, ఇంకో రెండంతస్తులు లేచింది. ఆ హాయిలో ఆయన కూర్చోబోయాడు కూడా. గోడ దగ్గర జోనా నవ్వాపుకుంటున్నాడు. ఆ మొహం చూశాక కూర్చోలేకపోయాడు.

"వైను పెట్టిన జాడీ చూపిస్తే నమ్ముతారా?" అన్నాడు.

"ఏదీ చూపించు," అన్నాడు పాస్టరుగారు, చిన్నపిల్లాణ్ణి ఊరడించినట్టు.

అబ్రహాం వంటింటివైపు ఒక అడుగు వేసి ఆగాడు. జాడీలో మిగిలిందంతా సోమవారమే పారబోశాడు. జాడీని సబ్బుతో కడిగి, ఊరగాయ వేసుకొమ్మని మునిలక్ష్మికి ఇచ్చేశాడు. తేలు కుట్టిన దొంగ తెలివి అంతవరకే పనిచేస్తుంది.

"పారబోసినాను," అన్నాడు.

పాస్టరుగారు మార్తవైపు చూసి తల పంకించాడు. చూశారా అన్నట్టు. "అన్నా, నీ ప్రేమ నాకు అర్థమయింది. కానీ సంఘం సంఘమే. జోనా ఒప్పుకున్నాడు. అందుకని రేపు ప్రకటన..."

"మామయ్యగారూ," అంది శాంతి. వచ్చినప్పటినుంచీ ఆ అమ్మాయి మాట్లాడడం అదే మొదలు. "ఎలా చేశారండీ అది?"

"ఏందమ్మా?"

"వైను. ఎలా చేశారో చెప్పండి."

అబ్రహాం గొంతు సవరించుకున్నాడు. "ద్రాక్షలు నల్లవి కావాల, గింజలుండేవి. గింజల్లేంది పనికిరాదు. నాలుగు కేజీలు. కడిగినంక తడి ఉండకూడదు, ఒక్కొక్క పండు గుడ్డతో తుడవాల. చక్కెర రెండున్నర. కొందరు మూడు వేస్తారు, పాడు చేస్తారు. గుప్పెడు గోధుమలు. ఈస్టు గోరువెచ్చని నీళ్ళలో తడిపి, అది పొంగినంకనే వెయ్యాల, తొందరపడకూడదు. జాడీ మూతికి గుడ్డ కట్టి ఎండ తగలని చోట. రోజూ పొద్దున చెక్క గరిటెతో కలపాల, లోహం తగిలితే రుచి మారిపోతాది. నాలుగో దినానికి లోపల కుతకుత అంటాది చూడు, చెవి పెడితే వినపడతాది. ఇరవై ఒక్క దినం. వడకట్టి మళ్ళా ఇరవై ఒక్క దినం. లవంగాలు నాలుగు, చాలు. చెక్క వెయ్యకూడదు, దగ్గు మందయిపోతాది. ఆఖర్న కొంచెం చక్కెర మాడ్చి పోస్తే రంగు..."

తన కుడిచెయ్యి గాలిలో గుండ్రంగా తిరుగుతోందని ఆయనకు అప్పుడు తెలిసింది. లేని జాడీని కలుపుతోంది అది. ఆపాడు.

పాస్టరుగారి కళ్ళల్లో నీళ్ళు ఇంకిపోయాయి. ఇంత శ్రద్ధగా ఈ మనిషి పదకొండేళ్ళలో ఒక్క వాక్యమైనా వివరించి ఉండడు.

"కషాయం," అంది మార్త.

అందరూ ఆమెవైపు తిరిగారు.

"గ్యాసుకని రోజూ సాయంత్రం తాగుతారే. మీరు కాసుకునే ద్రాక్ష కషాయం. అదేనా?"

"అదే."

"ఎన్నాళ్ళుగా?"

"బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో పని మానేసినప్పట్నుంచి. ఇంట్లో ఊరికే కూర్చోని..."

"తాగినారా అని నేనే కదండీ రోజూ గుర్తు చేసేది." గొంతు పెరగలేదు. అరిచి ఉంటే బాగుండేదని అబ్రహాం అనుకున్నాడు. "వాడు తాగొచ్చిన దినం మీరు వాణ్ణి చెప్పుతో కొట్టినారు. ఆ సాయంత్రం కూడా మీకు కషాయం నేనే తెచ్చిచ్చినాను."

ఆమె లేచి, ఎవరూ తాగని కాఫీ గ్లాసులు ట్రేలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గ్లాసులు కడుగుతున్న చప్పుడు వచ్చింది. అబ్రహాం అటు వెళ్ళే ధైర్యం చెయ్యలేదు.

 "నీ సంగతి కమిటీ చూస్తాది అన్నా," అన్నాడు పాస్టరుగారు. "కంచే చేను మేస్తే నేనేం చెప్పాల సంఘానికి? రేపట్నుంచి నువ్వు బల్ల కాడికి రావద్దు. జోనా, నువ్వు ఇట్ల చూడు నాయనా. నీ మీద నింద వేసినాము, క్షమించు. రేపు మూడో ప్రకటన చదువుతాను."

అబ్రహాముకు గుండెల మీదినుంచి బండ దించినట్టయింది. పెద్దరికం పోయింది, పోనీ. మార్త ఎన్నాళ్ళు మాట్లాడదో, మాట్లాడకపోనీ. కొడుకు పెళ్ళి నిలబడింది. అది చాలు. వాడివైపు చూసి నవ్వబోయాడు.

"చదవద్దు అయ్యగారూ," అన్నాడు జోనా.

"ఏమప్పా?"

"ఆరోజు సర్వీసు అయిపోయినంక కప్పులు కడగాలని వెనక రూములోకి పోయినా. జగ్గులో అర్ధలీటరు మిగిలి ఉండింది. బల్ల రసం మిగిలితే పారబోయకూడదు, తాగెయ్యాల అనేది మన పద్ధతి కదా. ఎప్పుడూ మీరే తాగుతారు. ఆరోజు మీరు బయట అందరికీ చేతులు ఇస్తా ఉంటిరి." వాడు చొక్కా అంచును వేళ్ళకు చుట్టుకుంటున్నాడు. "నేను తాగేసినా. పద్ధతని తాగలేదు. అదేందో తెలిసే తాగినా. ఎత్తిన జగ్గు దించలేదు. ఇంటికొచ్చి తలనొప్పి అని పడుకున్నా."

"ఒరే!" అని అరిచాడు అబ్రహాం. "ఇప్పుడెందుకు చెప్తా ఉండావురా అది? అంతా సరిపోయింది కదరా!"

"నువ్వు చెప్పినావు కదా నాన్నా. నువ్వే చెప్పినంక నేనెట్ల ఊరికే ఉండాల?"

 పుట్టినప్పటినుంచీ తండ్రిని చూసి నేర్చుకోమంటే, ముప్పై ఒక్క ఏళ్ళకు ఇవాళ నేర్చుకున్నాడు.

"ఆ తర్వాత ముట్టలేదు," అన్నాడు జోనా, శాంతితో. "ఆరు దినాలు. ప్రతి గంటా అదే గ్యాపకం. నీకు ఫోన్‌లో చెప్పాలనుకున్నా. చెప్పలేకపోయినా. సారీ శాంతీ."

శాంతి ముఖంలో ఏమీ తెలియలేదు. ఒళ్ళో పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగు జిప్పును లాగుతోంది, మళ్ళీ వేస్తోంది.

"అమ్మా శాంతీ," అన్నాడు పాస్టరుగారు, "నీకు ఇక్కడ పెద్దలు లేరు. నేనే అడగాల. రేపు నేను చదవాల్నా వద్దా?"

ఆ అమ్మాయి ఆయనవైపు చూడలేదు. జోనావైపు కూడా చూడలేదు. అబ్రహాంవైపు తిరిగింది.

"జోనా ఆ గదిలోకి వెళ్ళినప్పుడు మీరెక్కడున్నారు మామయ్యగారూ?"

"నేనా? అక్కడే. తలుపు కాడ."

"తలుపు వేసుందా?"

"తెరిసే ఉండింది."

"చూశారా?"

చూడలేదనొచ్చు. ఆరు రోజులుగా ఆయన తనకు తాను అదే చెప్పుకుంటున్నాడు. వాడు వెనక్కు తిరిగి ఉన్నాడని, కప్పులు కడుగుతున్నాడని, జగ్గు ఎత్తింది కడగడానికేనని. ఇప్పుడు అదే మాట పెదాల దాకా వచ్చింది. కానీ ఆ పిల్ల అలా చూస్తుంటే బయటికి రాలేదు.

"చూసినానమ్మా," అన్నాడు.

"మరి ఆపలేదా?"

"ఆపితే, అది వైనని నీకెట్ల తెలుసు అని వాడు అడుగుతాడు కదమ్మా," అన్నాడు అబ్రహాం.

జోనా తలెత్తి తండ్రిని చూశాడు. తండ్రి చూస్తూ ఊరుకున్నాడన్న సంగతి వాడికి కూడా ఇప్పుడే తెలిసింది.